ఓటు పోయేది పోలింగ్‌ రోజున కాదు

* జాబితా మూతపడిన నాడే చేజారుతున్న యువ ఓటు
* 2021లో హైకోర్టు తలుపు తట్టిన గుంటూరు విద్యార్థిని
* బ్రాడీపేట వసతిగృహాల్లో చిరునామాయే చిక్కుముడి

గుంటూరు (బ్రాడీపేట): పద్దెనిమిదేళ్లు నిండిన ప్రతి పౌరునికీ ఓటు హక్కు ఉంటుందని పాఠ్యపుస్తకం చెబుతుంది. జాబితాలో పేరుంటేనే లోపలికి రావాలని పోలింగ్‌ కేంద్రం చెబుతుంది. ఈ రెండు మాటల మధ్య ఉన్న దూరంలోనే ఎన్నో యువ ఓట్లు జారిపోతున్నాయి. ఆ దూరం ఎంతటిదో 2021 పంచాయతీ ఎన్నికల్లో రాష్ట్రమంతటికీ తెలిసివచ్చింది. అప్పుడు 3.60 లక్షల మంది కొత్త ఓటర్లు ఒక్క ఓటూ వేయకుండానే వరుసకు దూరమయ్యారు. దీనిని ప్రశ్నిస్తూ హైకోర్టును ఆశ్రయించినవారిలో గుంటూరుకు చెందిన ఒక విద్యార్థిని ఉన్నారు.

యువత ఓటింగ్‌ శాతం పెంచాలంటే ర్యాలీలు తీయాలని, ప్రతిజ్ఞలు చేయించాలని, మానవహారాలు కట్టించాలని సాధారణంగా భావిస్తారు. ఆ విద్యార్థిని పట్టుకున్నది వేరొక కొస. ఓటు వేయాలన్న ఆసక్తి ఉన్నా, వయసు నిండినా, జాబితా పాతదైతే ఆ ఆసక్తి అక్కరకు రాదన్నదే ఆమె లేవనెత్తిన అంశం. యువ ఓటర్ల కోసం పనిచేయదలచినవారు మొదట దృష్టి పెట్టవలసింది ఎక్కడో ఆ ఉదంతం చెబుతోంది.

జాబితా పాతది... ఓటరు కొత్త

రాష్ట్ర ఎన్నికల కమిషనర్‌గా ఉన్న నిమ్మగడ్డ రమేష్‌కుమార్‌ 2021 జనవరి 23న పంచాయతీ ఎన్నికల ప్రకటన జారీ చేశారు. కరోనా దృష్ట్యా ఎన్నికలు వాయిదా వేయాలా, వెంటనే జరపాలా అన్న వివాదం అప్పటికే రాష్ట్ర ప్రభుత్వానికీ ఎన్నికల సంఘానికీ మధ్య న్యాయస్థానాల దాకా వెళ్లింది. జనవరి 25న సుప్రీంకోర్టు ఎన్నికలను ఆపేందుకు నిరాకరించడంతో ప్రక్రియ ముందుకు సాగింది.

అయితే 2021 జనవరి 1 నాటికి పద్దెనిమిదేళ్లు నిండినవారితో కూడిన పంచాయతీ ఓటర్ల జాబితా అప్పటికి చేతికి రాలేదు. పంచాయతీరాజ్‌ శాఖ సకాలంలో జాబితా సిద్ధం చేయలేదని కమిషనర్‌ తప్పుపట్టారు. గత్యంతరం లేక 2019 జాబితాతోనే ఎన్నికలు నిర్వహిస్తున్నామని, దీనివల్ల 3.60 లక్షల మంది యువత ఓటు కోల్పోతున్నారని పేర్కొన్నారు.

గుంటూరు విద్యార్థిని హైకోర్టులో వ్యాజ్యం వేసింది ఈ దశలోనే. 2021 జాబితా ప్రకారమే ఎన్నికలు జరపాలని, లేకుంటే కొత్తగా అర్హత పొందినవారి హక్కుకు భంగం కలుగుతుందని అందులో కోరారు. ఎన్నికలు మాత్రం ఆగలేదు. ఫిబ్రవరి 9, 13, 17, 21 తేదీల్లో నాలుగు విడతలుగా పాత జాబితాతోనే ముగిశాయి.

దీని పర్యవసానం ఏమిటో చిన్న లెక్కతో తెలుస్తుంది. 2001 జనవరి 2న పుట్టిన యువకునికి 2019 జనవరి 2న పద్దెనిమిదేళ్లు నిండాయి. జాబితాకు అర్హత తేదీ జనవరి 1. ఒక్క రోజు తేడాతో ఆ జాబితాలో అతనికి చోటు లేదు. 2021 ఫిబ్రవరిలో పోలింగ్‌ నాటికి అతనికి ఇరవై ఏళ్లు. అయినా సొంత ఊరి సర్పంచిని ఎన్నుకునే వీలు లేకపోయింది. పంచాయతీ గడువు అయిదేళ్లు కనుక ఆ అవకాశం కోసం పాతికేళ్ల వయసు దాకా ఆగవలసి వచ్చింది. ఇరవై ఒక్క ఏళ్లు నిండితే సర్పంచి పదవికి పోటీ చేయవచ్చని చట్టం చెబుతుండగా, ఓటు వేసే అవకాశమే అంతకన్నా ఆలస్యంగా రావడం విచిత్రం.

తప్పు ఎవరిదన్న వాదన ఎన్నికల సంఘానికీ ప్రభుత్వానికీ మధ్య చాలాకాలం నడిచింది. నష్టపోయింది మాత్రం ఆ వాదనతో ఏ సంబంధమూ లేని యువతే.

నగరంలోనూ నిరీక్షణే

పల్లె యువత పరిస్థితి ఇలా ఉంటే గుంటూరు నగర యువతది మరొక తీరు. నగరపాలక సంస్థకు 2005లో ఎన్నికలు జరిగాయి. 2010లో ఆ పాలకవర్గం గడువు ముగిసింది. తర్వాత ప్రత్యేకాధికారుల పాలనే సాగింది. మళ్లీ పోలింగ్‌ జరిగింది 2021 మార్చి 10న. అదీ కరోనా కారణంగా 2020 మార్చిలో నిలిచిపోయిన దశ నుంచే కొనసాగించారు. 57 డివిజన్లకు ఎన్నికలు పూర్తయ్యాయి.

2006లో పద్దెనిమిదేళ్లు నిండిన బ్రాడీపేట యువతికి కార్పొరేటర్‌ను ఎన్నుకునే తొలి అవకాశం ముప్ఫై మూడో ఏట వచ్చిందన్న మాట. మురుగు కాలువ, కుళాయి నీరు, వీధి దీపం వంటి నిత్యావసరాలు చూసే సంస్థలో తన మాట చెల్లడానికి పదిహేనేళ్లు పట్టింది. యువతకు ఓటుపై శ్రద్ధ లేదని నిందించేవారు ఈ లెక్కను కూడా చూడాలి. అలవాటు కావలసిన వయసులో ఎన్నికే లేకపోతే అలవాటు ఎక్కడి నుంచి వస్తుంది?

పద్దెనిమిది వెనుక కథ

దేశంలో ఓటు వయసు మొదట ఇరవై ఒక్క ఏళ్లు. 61వ రాజ్యాంగ సవరణతో 326వ అధికరణాన్ని మార్చి దానిని పద్దెనిమిదికి తగ్గించారు. 1988 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన ఈ సవరణ 1989 మార్చి 28 నుంచి అమల్లోకి వచ్చింది. అదే ఏడాది నవంబరులో లోక్‌సభకు, ఆంధ్రప్రదేశ్‌ శాసనసభకు జరిగిన ఎన్నికల్లో పద్దెనిమిదేళ్ల యువత తొలిసారి ఓటు వేసింది.

రాజ్యాంగం వయసును తగ్గించింది గానీ పేరును తానే జాబితాలో చేర్చదు. పేరు నమోదు చేయించుకోవలసింది పౌరుడే. జాబితా వద్ద ఓటు ఆగిపోవడం కొత్త విషయమూ కాదు. 1951-52 తొలి సార్వత్రిక ఎన్నికల వేళ ఎందరో మహిళలు తమ పేరు చెప్పక ఫలానా వారి భార్యననో, ఫలానా వారి తల్లిననో నమోదు చేయించుకున్నారు. సొంత పేరు లేని నమోదు చెల్లదని అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనర్‌ సుకుమార్‌ సేన్‌ నిర్ణయించడంతో దాదాపు 28 లక్షల మంది మహిళలు జాబితాకు ఎక్కలేకపోయారు. నాటి మహిళకు పేరు అడ్డయితే, నేటి యువతకు తేదీ, చిరునామా అడ్డవుతున్నాయి.

2024 లోక్‌సభ ఎన్నికల వేళ దేశంలో మొత్తం ఓటర్లు సుమారు 97 కోట్లు. వారిలో 18-19 ఏళ్ల వయసువారు దాదాపు 1.8 కోట్లు మాత్రమే. మొత్తంలో ఇది రెండు శాతానికి కూడా చేరలేదు. దేశ జనాభాలో ఆ వయసువారి సంఖ్యతో పోల్చితే ఇది చాలా తక్కువ. యువత పోలింగ్‌ కేంద్రానికి రాలేదని చెప్పుకునే ముందు, జాబితాలోకే రాలేదన్న వాస్తవాన్ని గుర్తించాలి.

ఒక తేదీ పోయి నాలుగు తేదీలు

తేదీ చిక్కును కొంతవరకు విడదీసింది 2021 నాటి ఎన్నికల చట్టాల సవరణ చట్టం. అంతకుముందు 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఏడాదికి ఒక్కటే అర్హత తేదీ. అది జనవరి 1. జనవరి 2న పుట్టినవారు పద్దెనిమిదేళ్లు నిండినా మరో ఏడాది ఆగవలసిందే.

2022 ఆగస్టు 1 నుంచి ఈ పద్ధతి మారింది. జనవరి 1, ఏప్రిల్‌ 1, జులై 1, అక్టోబరు 1 అనే నాలుగు తేదీలు అర్హత తేదీలయ్యాయి. పదిహేడేళ్లు నిండినవారు ముందుగానే దరఖాస్తు చేసుకునే వెసులుబాటు కూడా వచ్చింది. పద్దెనిమిదేళ్లు నిండిన త్రైమాసికంలో వారి పేరు జాబితాలో చేరుతుంది. ఇంటర్‌ రెండో సంవత్సరం విద్యార్థి కూడా ఇప్పుడు ఓటుకు దరఖాస్తు చేయవచ్చన్న సంగతి ప్రతి జూనియర్‌ కళాశాలకూ చేరాలి.

అదే సమయంలో దరఖాస్తు పత్రాలూ మారాయి. కొత్త ఓటుకు ఫారం-6. చిరునామా మార్పు, తప్పుల సవరణ, కార్డు పోతే మరొకటి పొందడం వంటివన్నీ ఫారం-8తో జరుగుతాయి. పేరు తొలగింపు, అభ్యంతరాలకు ఫారం-7. ఒకసారి ఓటు పొందినవారు ఇల్లు మారినప్పుడు మళ్లీ ఫారం-6 ఇవ్వకూడదు. చాలామంది యువత చేసే పొరపాటు ఇదే. దానివల్ల పేరు రెండు చోట్ల పడే ప్రమాదం ఉంది. ఒకటికి మించిన చోట్ల నమోదును చట్టం అనుమతించదు. నమోదు కోసం తెలిసి అబద్ధపు వివరాలు ఇస్తే ఏడాది వరకు జైలుశిక్ష, జరిమానా లేదా రెండూ పడవచ్చు.

బ్రాడీపేట లెక్క వేరు

తేదీ సంగతి అలా తేలింది. ఇక మిగిలింది చిరునామా. దీని బరువు బ్రాడీపేటలో కనిపించినంతగా మరెక్కడా కనిపించదు. అంకెలతో పిలిచే లైన్లు, అడ్డరోడ్లు, వాటి పొడవునా శిక్షణ కేంద్రాలు, పుస్తకాల దుకాణాలు, ఆస్పత్రులు, ప్రైవేటు వసతిగృహాలు. మాచర్ల, వినుకొండ, పిడుగురాళ్ల, దర్శి ప్రాంతాల్లో పత్తి, మిర్చి పండించే కుటుంబాల పిల్లలు గ్రూప్స్‌, బ్యాంకు, పోలీసు ఉద్యోగాల పరీక్షల కోసం ఇక్కడికి వచ్చి ఏళ్ల తరబడి ఉంటారు. మనిషి ఇక్కడ, రేషన్‌కార్డు ఊళ్లో. చదువు ఇక్కడ, ఆధార్‌లో చిరునామా అక్కడ. ఓటు ఎక్కడ ఉండాలన్నది తేల్చుకోకపోవడంతో కొందరికి రెండు చోట్లా లేకుండా పోతోంది.

చట్టంలో దీనికి సమాధానం ఉంది. సాధారణంగా నివసించే చోట ఓటు ఉండాలన్నది ప్రాథమిక సూత్రం. తాత్కాలికంగా ఊరు విడిచి వెళ్లినంత మాత్రాన అక్కడి నివాసం పోయినట్లు కాదని కూడా చట్టం స్పష్టం చేసింది. కనుక చదువు కోసం గుంటూరు వచ్చిన విద్యార్థి తల్లిదండ్రుల ఇంటి చిరునామాలోనే ఓటు ఉంచుకోవచ్చు. లేదా వసతిగృహం చిరునామాతో ఇక్కడే నమోదు కావచ్చు. ఎంపిక విద్యార్థిదే. కాకపోతే రెండింటిలో ఒకటే.

వసతిగృహం చిరునామాతో దరఖాస్తు చేసేవారికి ఎన్నికల సంఘం కొన్ని షరతులు విధించింది. చదివే కోర్సుకు ప్రభుత్వం, బోర్డు లేదా విశ్వవిద్యాలయం గుర్తింపు ఉండాలి. కోర్సు వ్యవధి కనీసం ఏడాది ఉండాలి. విద్యాసంస్థ అధిపతి నిర్ణీత నమూనాలో ధ్రువపత్రం ఇవ్వాలి. ఏసీ కళాశాల, హిందూ కళాశాల, ప్రభుత్వ మహిళా కళాశాల, ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం వంటి సంస్థల విద్యార్థులు ఈ వెసులుబాటును వాడుకోవచ్చు.

చిక్కంతా శిక్షణ కేంద్రాల అభ్యర్థులది. వారు చదివేది గుర్తింపు పొందిన కోర్సు కాదు. అందువల్ల విద్యార్థులకు ఉన్న వెసులుబాటు వారికి వర్తించదు. ఇక్కడ ఓటు కావాలంటే మిగిలిన పౌరుల మాదిరిగానే నివాస రుజువు చూపాలి. కరెంటు బిల్లు, గ్యాస్‌ బిల్లు వసతిగృహ యజమాని పేరిట ఉంటాయి. రిజిస్టరు చేసిన అద్దె ఒప్పందం ఎవరూ రాయరు. బ్యాంకు పాస్‌పుస్తకంలోనో ఆధార్‌లోనో ఇక్కడి చిరునామా ఉంటే పని సులువవుతుంది. ఏ పత్రమూ లేని పక్షంలో బూత్‌ స్థాయి అధికారి స్వయంగా వచ్చి విచారించి నిర్ధారించాలి. ఆ అధికారి వచ్చిన వేళ అభ్యర్థి తరగతిలో ఉంటే, గది తాళం వేసి ఉంటే దరఖాస్తు తిరస్కరణకు గురయ్యే అవకాశం ఉంది. శిక్షణ కోసం వచ్చి కొద్ది నెలల్లో వెళ్లిపోయేవారికి సొంత ఊళ్లో ఓటు నిలుపుకోవడమే మేలు.

అమెరికాలోనూ ఇదే పేచీ

చదువుకునే ఊళ్లో విద్యార్థికి ఓటు ఇవ్వాలా వద్దా అన్న పేచీ మన దగ్గరే పుట్టలేదు. గుంటూరు, ప్రకాశం జిల్లాల నుంచి ఎందరో యువత ఉన్నత చదువులకు వెళ్లే టెక్సాస్‌ రాష్ట్రంలోనే 1970లలో ఇది పెద్ద వివాదమైంది. అక్కడి వాలర్‌ కౌంటీలో ప్రెయిరీ వ్యూ విశ్వవిద్యాలయంలో చదివే నల్లజాతి విద్యార్థులను స్థానికులుగా గుర్తించేందుకు నమోదు అధికారి అంగీకరించలేదు. చదువయ్యాక ఇక్కడే ఉంటారా, ఇక్కడ ఆస్తి ఉందా అంటూ వారికి మాత్రమే ప్రత్యేక ప్రశ్నావళి ఇచ్చారు. ఇది చెల్లదన్న కింది న్యాయస్థానం తీర్పును 1979లో అమెరికా సుప్రీంకోర్టు ఖాయం చేసింది. విద్యార్థి అయినందుకు అదనపు పరీక్ష పెట్టరాదన్నది ఆ తీర్పు సారం.

మన దగ్గర ఎన్నికల సంఘమే మార్గదర్శకాల్లో ఈ వెసులుబాటు కల్పించింది. కోర్టుకు వెళ్లవలసిన అవసరం లేకుండానే దక్కిన ఆ వెసులుబాటు ఎంతమంది విద్యార్థులకు తెలుసన్నదే ప్రశ్న.

దర్శికి, తిరుపతికి మధ్య

2024 మే 13న జరిగిన ఎన్నికల్లో రాష్ట్రంలో 81.86 శాతం పోలింగ్‌ నమోదైంది. 2014లో 78.41 శాతం, 2019లో 79.77 శాతం ఉండగా ఈసారి మరింత పెరిగింది. శాసనసభ స్థానాల్లో ప్రకాశం జిల్లా దర్శి 90.91 శాతంతో రాష్ట్రంలోనే ముందు నిలిచింది. 63.32 శాతంతో తిరుపతి చివరన ఉంది. లోక్‌సభ స్థానాల్లో ఒంగోలు 87.06 శాతంతో మొదటి స్థానంలో, విశాఖపట్నం 71.11 శాతంతో చివరి స్థానంలో ఉన్నాయి.

మెట్ట ప్రాంతమైన దర్శిలో నూటికి తొంభై మంది ఓటు వేస్తే, విశ్వవిద్యాలయాలు, కళాశాలలు కొలువైన తిరుపతిలో అరవై మూడు మందే వేశారు. చదువుకున్నవారికి బాధ్యత లేదని దీన్నిబట్టి తీర్పు చెప్పడం తొందరపాటు అవుతుంది. పట్టణాల్లో చదువు ముగించుకుని, ఉద్యోగాలు మారి వెళ్లిపోయినవారి పేర్లు జాబితాలో అలాగే ఉండిపోతుంటాయి. అలాంటివారు ఓటు వేయరు, లెక్కలో మాత్రం ఉంటారు. పోలింగ్‌ శాతం ఆ మేరకు తగ్గుతుంది. మరోవైపు అదే వీధిలో కొత్తగా చేరినవారి పేర్లు జాబితాలో ఉండవు. ఉన్నవారు లేకపోవడం, లేనివారు ఉండటం పట్టణ జాబితాలకు పట్టిన రెండు జబ్బులు.

పల్లె శాతం పెరగడం వెనుక దూరప్రయాణాలూ ఉన్నాయి. 2024 పోలింగ్‌కు ముందు హైదరాబాద్‌-విజయవాడ జాతీయ రహదారిపై పంతంగి టోల్‌ప్లాజా వద్ద వాహనాలు బారులు తీరిన దృశ్యం తెలిసిందే. సొంత ఊళ్లో ఓటున్న యువత బస్సుల్లో నిలబడి మరీ తరలివచ్చింది. ఆసక్తి లేకపోతే ఇంత శ్రమ పడరు. అందరికీ ఆ శ్రమ, ఖర్చు భరించే స్తోమత ఉండదు. ఉన్నచోటి నుంచే సొంత నియోజకవర్గానికి ఓటు వేసే యంత్రం నమూనాను ఎన్నికల సంఘం రూపొందించి, 2023 జనవరి 16న రాజకీయ పార్టీలను ప్రదర్శనకు పిలిచింది. ఒకే యంత్రంతో 72 నియోజకవర్గాల ఓట్లు స్వీకరించే ఏర్పాటు అది. పార్టీలు సందేహాలు వ్యక్తం చేయడంతో 2024 ఎన్నికల్లో దాన్ని వాడలేదు.

పట్టా ఉన్నా ఓటు రాదు

బ్రాడీపేట శిక్షణ కేంద్రాల్లోని అభ్యర్థుల్లో అత్యధికులు డిగ్రీ పూర్తిచేసినవారే. వారికి మరో ఓటు కూడా ఉంటుంది. అది శాసనమండలి పట్టభద్రుల నియోజకవర్గం ఓటు. శాసనసభ ఓటరు జాబితాలో పేరున్నా ఇది దానంతట అదే రాదు. ప్రత్యేకంగా ఫారం-18 సమర్పించాలి. జాబితాకు అర్హత తేదీ నవంబరు 1. ఆ తేదీకి కనీసం మూడేళ్ల ముందు పట్టా పొంది ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, ప్రతి ఎన్నికకూ ఈ జాబితాను మొదటి నుంచి కొత్తగా తయారు చేస్తారు. గతంలో ఓటు వేసినవారు కూడా మళ్లీ దరఖాస్తు చేయవలసిందే.

కృష్ణా-గుంటూరు పట్టభద్రుల స్థానానికి 2019లో జరిగిన ఎన్నికల్లో కె.ఎస్‌.లక్ష్మణరావు, 2025 ఫిబ్రవరి 27న జరిగిన ఎన్నికల్లో ఆలపాటి రాజేంద్రప్రసాద్‌ గెలుపొందారు. ప్రకాశం జిల్లాది వేరే నియోజకవర్గం. అది ప్రకాశం-నెల్లూరు-చిత్తూరు స్థానం కిందకు వస్తుంది. ఒంగోలు నుంచి వచ్చి బ్రాడీపేటలో ఉంటున్న పట్టభద్రుడు తాను ఎక్కడి ఓటరో ముందే నిర్ణయించుకోకపోతే ఆరేళ్లకొకసారి వచ్చే అవకాశం చేజారుతుంది. ఉద్యోగ ప్రకటనలు, నిరుద్యోగం గురించి శాసనమండలిలో తమ తరఫున మాట్లాడవలసిన సభ్యుణ్ని ఎన్నుకునే ఓటు ఇదే కావడం గమనార్హం.

కార్యకర్త చేయవలసిన పని

యువ ఓటర్లను ప్రోత్సహించేందుకు ప్రభుత్వపరంగా ఏర్పాట్లు లేకపోలేదు. ఎన్నికల సంఘం 2009లో స్వీప్‌ పేరిట ఓటరు చైతన్య కార్యక్రమాన్ని ప్రారంభించింది. సంఘం ఏర్పడిన జనవరి 25వ తేదీని 2011 నుంచి జాతీయ ఓటర్ల దినోత్సవంగా జరుపుతున్నారు. 2018 జనవరి 25న పాఠశాలలు, కళాశాలల్లో ఎన్నికల అక్షరాస్యత క్లబ్బులకు శ్రీకారం చుట్టారు. కళాశాలల్లో రాజకీయ పార్టీలతో సంబంధం లేని విద్యార్థులను క్యాంపస్‌ అంబాసిడర్లుగా నియమిస్తారు.

ఇన్ని ఉన్నా చాలాచోట్ల ఏడాదికోసారి ప్రతిజ్ఞ, ఫొటోతో కార్యక్రమం ముగుస్తోంది. నిజంగా ఫలితం కోరే యువ కార్యకర్త పని అంత ఆర్భాటంగా ఉండదు. తరగతిలో పదిహేడు, పద్దెనిమిదేళ్లు నిండినవారి పట్టిక రాసుకోవాలి. ఒక్కొక్కరి ఓటు ఎక్కడ ఉండాలో వారితోనే తేల్చించాలి. పదో తరగతి మార్కుల జాబితా, ఆధార్‌ నకలు, ఫొటో దగ్గర పెట్టించి ఫారం-6 నింపించాలి. కళాశాల అధిపతి నుంచి ధ్రువపత్రాలు ఒకేసారి తీసుకోవాలి. బూత్‌ స్థాయి అధికారి వచ్చే రోజు అడిగి తెలుసుకుని ఆ రోజు విద్యార్థులను గదుల్లో ఉంచాలి. చివరగా, దరఖాస్తు ఆమోదం పొందిందో లేదో ఒక్కొక్కటీ సరిచూడాలి. చప్పట్లు కొట్టేవారెవరూ లేని ఈ పనే ఓటును నిలబెడుతుంది.

దీనికి గడువు కూడా ఉంది. నామినేషన్ల చివరి రోజు దాటాక జాబితాలో మార్పుచేర్పులకు చట్టం అంగీకరించదు. 2024లో రాష్ట్రంలో నామినేషన్ల గడువు ఏప్రిల్‌ 25. పోలింగ్‌ మే 13. అంటే పోలింగ్‌కు పద్దెనిమిది రోజుల ముందే తలుపు మూతపడింది. దరఖాస్తు వచ్చాక అభ్యంతరాల కోసం ఏడు రోజులు ఆగవలసి ఉంటుంది కనుక వాస్తవంలో గడువు మరింత ముందే తీరిపోతుంది. ఊరంతా మైకుల హోరు వినిపించే సమయానికి కొత్త ఓటరు చేయగలిగింది ఏమీ ఉండదు.

ఉన్న పేరూ ఊడవచ్చు

ఒకసారి పేరు చేరితే చాలునని నిశ్చింతగా ఉండటానికి లేదు. 2019 ఎన్నికలకు ముందు రాష్ట్రంలో ఓట్ల తొలగింపు కోరుతూ లక్షల సంఖ్యలో ఫారం-7 దరఖాస్తులు రావడం కలకలం రేపింది. తమకు తెలియకుండానే తమ పేరిట దరఖాస్తులు దాఖలయ్యాయని పలువురు ఫిర్యాదు చేయగా పోలీసు కేసులు నమోదయ్యాయి. బీహార్‌లో 2025లో ప్రత్యేక సమగ్ర సవరణ చేపట్టగా, ఆగస్టు 1న వెలువడిన ముసాయిదా జాబితాలో దాదాపు 65 లక్షల పేర్లు కనిపించలేదు. ఆ పేర్లను కారణాలతో సహా ప్రకటించాలని ఆగస్టు 14న సుప్రీంకోర్టు ఆదేశించింది. చదువు కోసం, కూలి కోసం ఊరు విడిచినవారి పేర్లకే ఇలాంటి సవరణల్లో ముప్పు ఎక్కువ. విచారణకు వచ్చిన సమయంలో ఇంటివద్ద ఉండనిది వారే.

దరఖాస్తు తిరస్కరించినా, పేరు తొలగించినా అంతటితో అయిపోయినట్లు కాదు. నమోదు అధికారి నిర్ణయంపై పదిహేను రోజుల్లో జిల్లా ఎన్నికల అధికారికి, అంటే కలెక్టర్‌కు, అప్పీలు చేసుకోవచ్చు. అక్కడా న్యాయం జరగలేదనుకుంటే ముప్ఫై రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి రెండో అప్పీలు చేయవచ్చు. వివరాలకు 1950 నంబరుకు ఫోన్‌ చేయవచ్చు. ఓటర్ల పోర్టల్‌లో పేరు వెదికి చూసుకోవచ్చు. చేతిలో గుర్తింపు కార్డు ఉన్నంత మాత్రాన చాలదు. కార్డు ఉండి జాబితాలో పేరు లేకపోతే ఓటు వేయనివ్వరు. జాబితాలో పేరుండి కార్డు లేకపోయినా, ఎన్నికల సంఘం అనుమతించిన ఇతర గుర్తింపు పత్రాల్లో ఏదో ఒకటి చూపి ఓటు వేయవచ్చు.

పాఠం ఒక్కటే

2021లో గుంటూరు విద్యార్థిని కోరినట్లు పంచాయతీ ఎన్నికలు కొత్త జాబితాతో జరగలేదు. ఆ ఏడాది చివర్లోనే పార్లమెంటు వేరుగా చేసిన సవరణతో అర్హత తేదీలు నాలుగయ్యాయి. ఏడాది పాటు నిరీక్షించే బాధ చాలావరకు తీరింది. అయినా చట్టం తలుపు తెరుస్తుందే తప్ప చేయి పట్టి లోపలికి తీసుకుపోదు. జాబితాను సకాలంలో సిద్ధం చేయడం అధికారుల బాధ్యత. అందులో తన పేరు ఉందో లేదో చూసుకోవడం యువత బాధ్యత. ఈ రెండింటిలో ఏది తప్పినా నష్టం ఒక్కటే.

బ్రాడీపేట వసతిగృహాల్లోని యువత పోటీ పరీక్షల ప్రకటన ఎప్పుడొస్తుందా అని రోజూ ఎదురుచూస్తుంది. దరఖాస్తు గడువును ఒక్క రోజు కూడా దాటనివ్వదు. హాల్‌టికెట్‌లో పేరు తప్పు పడితే వెంటనే సరిచేయించుకుంటుంది. ఆ జాగ్రత్తలో పదో వంతు ఓటరు జాబితాపై చూపినా చాలు. పరీక్షకు హాల్‌టికెట్‌ ఎలాగో పోలింగ్‌కు జాబితాలో పేరు అలాగే. పరీక్ష రోజున హాల్‌టికెట్‌ కోసం ఎవరూ దరఖాస్తు చేయరు.